మీకు తెలుసా? వేల్పూర్‌లో బోర్డు అంటే ఎన్నో!

నిజామాబాద్ జిల్లా వేల్పూర్‌లో బస్సు ఆగేచోట నిలబడి ఊరికే "బోర్డు" అని చూడండి. సంచీ పట్టుకుని నిలబడ్డ ముసలమ్మ "ఏం బోర్డున్నది బిడ్డా, ఆర్మూరా, భీంగలా?" అంటుంది. పదో తరగతి పిల్ల పరీక్షల టైం టేబుల్ వచ్చిందేమోనని ఉలిక్కిపడుతుంది. చెట్టుకింద కుర్రాళ్లు క్యారం బోర్డు మీద పౌడరు చల్లుతూ అసలు వినిపించుకోరు. ఎలక్ట్రీషియన్ "ఏ గదిల కాలింది?" అని అడుగుతాడు. కల్లంలో పసుపు ఆరబోస్తున్న పెద్దాయన మాత్రం చెయ్యి ఆపకుండానే "వచ్చింది గద! నిజామాబాద్‌ల పెట్టిండ్రు గద!" అంటాడు.

అయిదుగురికి అయిదు బోర్డులు. ఎవరూ నిఘంటువు తెరవలేదు, ఎవరూ పొరబడలేదు. ఈ మాటను మనం ఇంగ్లీషు పుస్తకంలోంచి నేర్చుకోలేదు. బస్సు నుదుటి మీద నుంచి, బడి గోడ మీద నుంచి, వరండాలోని స్విచ్చుల దగ్గర నుంచి ఒక్కో అర్థం ఒక్కో వాకిట్లోంచి లోపలికొచ్చింది. ఈ వారం కబుర్లన్నీ దీని చుట్టూనే.

తొమ్మిది నెలల పంట, తొమ్మిది నెలల మాట

ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువ అర్థాలున్న మాట ఏదో తెలుసా? చాలాకాలం ఆ కిరీటం "సెట్" అనే మాటది. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువులో దానికి 430 అర్థాలు లెక్కతేలాయి. తర్వాత నిఘంటువును తిరగరాస్తుంటే "రన్" దాన్ని దాటేసింది. క్రియగా ఒక్కదానికే 645 అర్థాలు. ఆ ఒక్క మాట సంగతి తేల్చడానికి పీటర్ గిల్లివర్ అనే నిఘంటుకారుడికి తొమ్మిది నెలలకు పైగా పట్టింది.

ఈ లెక్క చదివి వేల్పూర్ రైతు నవ్వుతాడు. మిరుగు కార్తెలో విత్తనం పెడితే సంక్రాంతి దాటాక గానీ పసుపు తవ్వకం ఊపందుకోదు. ఆయన పంటకూ దాదాపు అన్ని నెలలే. ఆ తర్వాత ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టించాలి, పొడుగు కాడినీ గుండ్రటి గోళనూ వేరు చెయ్యాలి. గిల్లివర్ చేసిందీ అదే అనుకోండి. అర్థాలను తవ్వి, ఆరబెట్టి, వేరు చేశాడు.

"బోర్డు"కు అన్ని వందల అర్థాలు లేవు. అయితే "సెట్", "రన్" మన ఊళ్లలో ఇంత హడావుడి చెయ్యలేదు. పసుపు బోర్డు కోసం మన దగ్గర ధర్నాలు జరిగాయి, ఎన్నికల ఫలితాలు మారాయి. నిఘంటువుల పోటీలో ఏదైనా గెలవనీ, మన ఓటు దీనికే.

మొదట అది చెక్క

ప్రాచీన ఇంగ్లీషులో "బోర్డ్" అంటే కోసిన చెక్క. అంతే. ఆ చెక్కకు కాళ్లు పెట్టి నిలబెడితే భోజనాల బల్ల అయింది. బల్ల మీద పెట్టేది తిండి కాబట్టి తిండికీ అదే పేరు పడింది. డబ్బు కట్టి ఒకరింట్లో తిని పడుకునేవాణ్ని బోర్డర్ అన్నారు. పిల్లలు తిని, పడుకుని, చదువుకునే బడి బోర్డింగ్ స్కూలు అయింది. మన దగ్గర మిషన్ బళ్లలో చదివిన పెద్దవాళ్లు ఇప్పటికీ "నేను బోర్డింగులో ఉండి చదివిన" అంటారు. ఆ మాట అసలు అర్థం "కూటికి ఉండి చదివిన" అని. చదువు అందులో తర్వాత వచ్చి కూర్చుంది!

తిన్నాక అదే బల్ల చుట్టూ పెద్దమనుషులు కూర్చుని వ్యవహారాలు మాట్లాడుకున్నారు. ఆ బల్ల పేరే వాళ్లకు పడింది. బోర్డ్ ఆఫ్ డైరెక్టర్స్, క్రికెట్ బోర్డు, ఇంటర్ బోర్డు, తిరుమల బోర్డు అన్నీ ఆ భోజనాల బల్ల మనవలూ మునిమనవలే. బోర్డు మీటింగ్ అనగానే టీ, బిస్కెట్లు, జీడిపప్పు ముందుగా ఎందుకొస్తాయో ఇప్పుడు అర్థమైంది కదా.

మన పీట కూడా అదే దారిన పోయింది

ఇదేదో తెల్లవాళ్ల చమత్కారం అనుకోకండి. మన పీటను చూడండి. అదీ ఓ చెక్కే. దాని మీద కూర్చుని తిన్నాం. కాళ్లు పెడితే ముక్కాలిపీట, కత్తి బిగిస్తే కత్తిపీట. పెళ్లిలో వధూవరులు కూర్చుంటే "పీటల మీద పెళ్లి" అనే గౌరవం. అదే మాట సంస్కృతపు వేషంలో పీఠమై మఠాల్లో, విశ్వవిద్యాలయాల్లో, అకాడమీల్లో అధికారం చెలాయిస్తోంది. చెక్క, తిండి, అధికారం: రెండు భాషలూ ఒకదాన్నొకటి అడగకుండానే ఒకే మూడు మెట్లు ఎక్కాయి.

ఇక ఉర్దూ వైపు రండి. మన నిజామాబాద్ ఒకప్పుడు నిజాం ఇలాకా. అప్పటి సర్కారీ చదువు ఉర్దూలో. బడిలోని నల్లబల్లకు ఉర్దూ పేరు తఖ్తా-ఎ-సియాహ్. తఖ్తా అంటే చెక్క. దాని తోబుట్టువు తఖ్త్ అంటే సింహాసనం. రాజ్యం కూలదోయడాన్ని ఉర్దూలో "తఖ్తా ఉలట్నా" అంటారు, అంటే చెక్కను తిరగెయ్యడం. ఈ తిరగెయ్యడం అనే మాటను కాస్త గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

తెలుగు "బల్ల" కూడా తక్కువది కాదు. కచ్చితంగా చెప్పాలంటే బల్ల గుద్ది చెబుతాం. లంచం బల్ల కింద నుంచి పోతుంది. ఏరు దాటడానికి బల్లకట్టు. వెనకటి రోజుల్లో మలేరియా జ్వరాలతో పిల్లల కడుపులో ప్లీహం పెరిగి చేతికి గట్టిగా తగిలితే "కడుపుల బల్ల ఉన్నది" అనేవారు. వైద్యుడి వేళ్లకు తగిలింది నిజంగా ఓ చెక్కలాగే ఉండేది మరి. ఇంగ్లీషు బోర్డుకు ఇన్ని కొమ్మలున్నా రోగం పేరు మాత్రం కాలేకపోయింది. ఆ ఘనత మన బల్లదే.

నిజాయితీగా జరిగే వ్యవహారాన్ని ఇంగ్లీషువాళ్లు "అబవ్ బోర్డ్" అంటారు. పేకాటలో చేతులు బల్ల పైనే పెట్టి ఆడితే మోసం లేనట్టు. చేతులు కిందికి దిగాయంటే ముక్క మారినట్టే. వాళ్లు బల్ల పైభాగం చూసి నిజాయితీకి పేరు పెట్టారు. మనం కిందిభాగం చూసి లంచానికి పెట్టాం. బల్ల ఒకటే, చూసే కన్ను వేరు.

ఓడ పక్క, విమానం తలుపు

బోర్డుకు ఇంకో పాత అర్థం ఉంది: ఓడ పక్క. ఓడ ఎక్కడం "బోర్డ్" చెయ్యడం అయింది, పడవలోంచి నీళ్లలో పడటం "ఓవర్‌బోర్డ్" అయింది. ఓడ కుడిపక్కను "స్టార్‌బోర్డ్" అంటారు. అందులో ఆకాశపు నక్షత్రం ఏదీ లేదు. పాత ఓడలకు చుక్కాని తెడ్డు కుడివైపు కట్టేవారు. "స్టీర్" చేసే పక్క కాబట్టి ఆ పేరు. రాత్రి నక్షత్రాలు చూసి పెట్టారని ఎవరైనా చెబితే నమ్మకండి.

సముద్రం ఎరగని వేల్పూర్‌కు ఈ ఓడ అర్థం ఎలా వచ్చిందంటారా? గల్ఫ్ దారిన వచ్చింది. ఆర్మూర్, బాల్కొండ, భీంగల్ వైపు గల్ఫ్ పోయిన మనిషి లేని ఊరు వెతికినా దొరకదు. 2008లో శంషాబాద్ విమానాశ్రయం తెరవకముందు చాలామంది బొంబాయి దాకా పోయి అక్కడ విమానం ఎక్కేవారు. చదువు రానివాళ్లు కూడా "బోర్డింగ్ పాసు", "బోర్డింగ్ అయింది" అని తడుముకోకుండా అంటారు. విమానానికి తెడ్డూ లేదు, చెక్కా లేదు. అయినా ఓడ మాట రెక్కలు కట్టుకుని ఎగురుతోంది. ఇంటికి ఫోను చేసి "బోర్డింగ్ అయిపోయింది, ఇగ పెట్టేస్తున్న" అన్న చివరి మాట ఈ ఊళ్లలో ఎంతమంది తల్లుల చెవుల్లో ఉందో లెక్కపెట్టే నిఘంటువు లేదు.

ఆ గల్ఫ్ డబ్బుతో కట్టిన ఇళ్లలో ఇంకో బోర్డు దాక్కుంది: కబోర్డు. మొదట అది కప్పులు పెట్టుకునే బల్ల. ఇప్పుడు మన కబోర్డుల్లో చీరలుంటాయి, పాసుబుక్కులుంటాయి, పాత పెళ్లి ఆల్బములుంటాయి. కప్పులు మాత్రం వంటింట్లో ఎక్కడో.

ఇంగ్లీషువాళ్లకు తెలియని అర్థం

ఇంతవరకూ వాళ్ల అర్థాలు మనం వాడుకున్నాం. ఇక మనం వాళ్లకు అప్పివ్వదగ్గ అర్థం ఒకటుంది.

"కంపెనీ బోర్డు తిప్పేసింది."

ఈ వాక్యాన్ని లండన్‌లో ఎవరికైనా మాటకు మాట ఇంగ్లీషు చేసి చెప్పండి. ఎవరో పలకను వెనక్కి తిప్పారనుకుంటాడు. తెలుగు పేపరు చదివేవాడికి మాత్రం ఆ మూడు మాటల్లో మొత్తం కథ కనబడుతుంది. నెలకు నూటికి ఇంత వడ్డీ అన్నారు, మొదటి మూడు నెలలు సక్కగా ఇచ్చారు, బంధువులను కూడా చేర్పించారు, ఓ పొద్దున పోయి చూస్తే తాళం. దుకాణం తలుపుకు వేలాడే అట్టకు ఒకవైపు తెరిచి ఉన్నదని, రెండోవైపు మూసి ఉన్నదని రాసి ఉంటుంది. దాన్ని ఇటు నుంచి అటు తిప్పడం ఒక క్షణం పని. ఆ ఒక్క క్షణంలో ఎందరి చిట్టీ డబ్బులు, ఎందరు ఆడపిల్లల పెళ్లి డబ్బులు పోయాయో ఈ నుడికారం మోస్తోంది. చిట్టీల వాళ్లు తిప్పేస్తారు, ప్లాట్ల వాళ్లు తిప్పేస్తారు, గల్ఫ్ వీసా ఇప్పిస్తానన్న ఏజెంటు తిప్పేస్తాడు. "దివాలా తీసింది" అంటే పాపం నష్టపోయాడేమో అనిపిస్తుంది. "బోర్డు తిప్పేశాడు" అంటే మాత్రం వాడు డబ్బు మూట కట్టుకునే పోయాడని తీర్పు కూడా అందులోనే ఉంది. ఇంత పొదుపైన మాట న్యాయశాస్త్రంలో కూడా దొరకదు.

ఇందులో ఓ తమాషా. ఇంగ్లీషులో దివాలా తీసినవాణ్ని "బ్యాంక్‌రప్ట్" అంటారు. ఆ మాట ఇటాలియన్ నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం "విరిగిన బల్ల". సంతలో వడ్డీ వ్యాపారి బల్ల వేసుకుని కూర్చునేవాడు. ఆ బల్ల పేరే బ్యాంకు అయింది. ఇటలీలో బల్ల విరిగింది, ఢిల్లీ ఉర్దూలో చెక్క తిరగబడింది, తెలుగునాట బోర్డు తిరిగింది. ఎక్కడైనా మునిగేది నమ్మినవాడే, చెప్పేది మాత్రం వడ్రంగి భాష.

అన్నట్టు, బోర్డు తిప్పడానికి ఎదురుమాట "బోర్డు పెట్టడం", "బోర్డు కట్టడం". కొత్త డాక్టరు బోర్డు పెట్టాడంటే రోగులకు సిద్ధమైనట్టు. బోర్డుకున్న గిరాకీ చూడాలంటే అంకాపూర్‌ను చూడండి. ఆర్మూర్ పక్కనున్న ఈ ఊరు విత్తనాలకూ దేశీ కోడికూరకూ పేరు మోసింది. ఇప్పుడు హైవే మీద ఎక్కడో నూరు కిలోమీటర్ల దూరాన కూడా "అంకాపూర్ చికెన్" బోర్డు కనిపిస్తుంది. ఊరు కదలకుండా బోర్డు ఊరేగుతోంది. ఆ హోటళ్లలో ఎన్నింటి పొయ్యి అంకాపూర్‌ను చూసిందో తినేవాడికే తెలియాలి.

ఊరి మొగదల బోర్డు

వేల్పూర్ పేరు దేశమంతా వినబడింది మొదట పసుపుతో కాదు, ఒక బోర్డుతో. 2001లో అప్పటి జిల్లా కలెక్టర్ జి. అశోక్ కుమార్ ఈ మండలంలో బడి బయట ఉన్న పిల్లలందరినీ బడిలో చేర్పించే పని మొదలుపెట్టారు. దాదాపు వంద రోజుల పట్టు. చాలామంది పిల్లలు అమ్మానాన్నలు చేసిన అప్పు తీర్చడానికి జీతం ఉన్నవాళ్లు. వాళ్లను పనిలో పెట్టుకున్న ఆసాములతో ఊరి నడుమ, అందరి ముందే ఆ అప్పులు మాఫీ చేయించారు. 2001 అక్టోబరు 2న వేల్పూర్‌ను బాల కార్మికులు లేని మండలంగా ప్రకటించారు.

ఆ తర్వాత గ్రామాల మొగదల బోర్డులు లేచాయి: మా ఊళ్లో బాల కార్మికులు లేరు, అయిదు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరూ బడికి పోతున్నారు అని. రేకు మీద రంగుతో రాసిన ఆ మాటకు ఊరు కట్టుబడింది. రాసిపెట్టిన మాట దారిన పోయే ప్రతివాడూ చదువుతాడు. అబద్ధమైతే వేలెత్తి చూపిస్తాడు. ఇక్కడ బోర్డు చెక్కా కాదు, రేకూ కాదు, జామీను.

మిగతా బోర్డులకు అంత నోరు లేదు. "ఈ స్థలం అమ్మబడదు" అన్న బోర్డు ఉన్న స్థలం అమ్ముడుపోవడం మనం చూశాం. "ఇచ్చట చెత్త వేయరాదు" బోర్డు చెత్త ఎక్కడ వెయ్యాలో దారి చూపే గుర్తు. ఊరి పేరు బోర్డు సంగతీ అంతే. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకచోట వేల్పూర్, ఇంకోచోట వైల్పూర్. ఊరివాళ్లు మాత్రం ఏది ఉన్నా తమ ఊరికే దిగుతారు.

దొరల బల్ల

బోర్డులు రాజ్యాలు కూడా ఏలాయి. 1784లో ఇంగ్లాండు పార్లమెంటు చట్టం చేసి ఈస్టిండియా కంపెనీ మీద నిఘాకు లండన్‌లో "బోర్డ్ ఆఫ్ కంట్రోల్" పెట్టింది. ఓ బల్ల చుట్టూ కూర్చున్న కొద్దిమంది, ఓడలో నెలల దూరంలో ఉన్న దేశాన్ని నడిపారు. మద్రాసులో 1786లో రెవెన్యూ బోర్డు వెలిసింది. కోస్తా, సీమ జిల్లాల్లో శిస్తు తగాదా ఏదైనా దాని దాకా పోవలసిందే. అటువైపు ముసలివాళ్లు హైస్కూలును "బోర్డు స్కూలు" అనేవారు. జిల్లా బోర్డు నడిపే బడి కనుక. ఆ బోర్డులు పోయి 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాయి. రాష్ట్ర విద్యుత్ బోర్డు అదే ఏడు పుట్టి 1999లో ముక్కలైంది. హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీలు కూకట్‌పల్లిలో మహానగరమైపోయినా పేరులోని బోర్డును వదల్లేదు. సెన్సార్ బోర్డు పేరు 1983లోనే మార్చి సర్టిఫికేషన్ బోర్డు చేశారు. నలభై ఏళ్లు దాటినా పోస్టరు మీదా నోటి మీదా అది సెన్సారే. బోర్డు పేరు మార్చడం సర్కారు చేతిలో ఉంది కానీ, పిలిచే పేరు మార్చడం లేదు.

ఎవరి పంటకు ఎవరి బల్ల

ఇప్పుడు కల్లంలోని పెద్దాయన దగ్గరికి పోదాం.

కాఫీకి 1942 నుంచి బోర్డు ఉంది, బెంగళూరులో. రబ్బరుకు 1947 నుంచి, కొట్టాయంలో. పొగాకుకు 1976 నుంచి, మన గుంటూరులోనే. ఏలకులకు కూడా సొంత బోర్డు ఉండేది. 1987లో కొచ్చి కేంద్రంగా సుగంధ ద్రవ్యాల బోర్డు ఏర్పడినప్పుడు దాన్ని అందులో కలిపేశారు. పసుపును చూసుకుంటూ వచ్చింది కూడా ఆ కొచ్చి బోర్డే. దాని జాబితాలో 52 దినుసులు. ఆర్మూర్ రైతు అడిగింది ఇక్కడే: ప్రపంచ పసుపులో నూటికి 75 పాళ్లకు మించి మన దేశంలోనే పండుతుంటే, ఇంటింటి గడపకూ రాసే దానికి యాభై రెండింట్లో ఒక మూలా?

పొగాకు బోర్డు ఎంత పంట వెయ్యాలో చెబుతుంది, రైతును నమోదు చేస్తుంది, వేలం తానే నడుపుతుంది. నిజామాబాద్ రైతు కళ్ల ముందు మెదిలింది ఆ గుంటూరు బొమ్మ. తన సరుకుకు ఇక్కడ ధర కుదరకపోతే మహారాష్ట్రలోని సాంగ్లీకో తమిళనాడులోని ఈరోడ్‌కో లారీ కట్టుకుని పోయిన అనుభవం ఆయనది. పసుపు కనీస మద్దతు ధర ప్రకటించే పంటల్లో లేదు. అందుకే "బోర్డు" అన్నప్పుడల్లా ఆయన మనసులో "ధర" అని కూడా ఉంది. నిఘంటువులో లేకపోయినా ఆర్మూర్‌లో బోర్డుకు అది కూడా ఒక అర్థం.

2019 లోక్‌సభ ఎన్నికల్లో ఆ అర్థం ఎన్నికల సంఘానికే పని పెట్టింది. పసుపు బోర్డు, క్వింటాలుకు 15,000 రూపాయల ధర, ఎర్రజొన్నకు గిట్టుబాటు అంటూ నిజామాబాద్‌లో 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో ఓటింగ్ యూనిట్ మీద పట్టేవి 16 పేర్లు. నోటాతో కలిపి లెక్క వేస్తే ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు యూనిట్లు పక్కపక్కన పేర్చవలసి వచ్చింది. అంతవరకూ వాడిన యంత్రాలు నాలుగు యూనిట్లకు మించి మొయ్యలేవు గనుక కొత్త రకం తెప్పించారు. ఏప్రిల్ 11న ఓటరు లోపలికి పోతే అట్టముక్కల చాటున ఎల్ ఆకారంలో ఓ గోడంత బల్ల పరచి ఉంది. ఇంతకుముందు 1996లో ఫ్లోరైడ్ నీళ్ల గోస వినిపించడానికి నల్గొండలో 480 మంది పోటీ చేశారు. అప్పుడు కాగితపు బ్యాలెట్లు కనుక అది పుస్తకమైంది. ఇప్పుడు బల్ల అయింది. బోర్డు అడిగినవాళ్లకు మొదట దక్కిన బోర్డు అదే అనుకుంటే నవ్వొస్తుంది, గుండె కలుక్కుమంటుంది కూడా.

ఆ ఎన్నికలో గెలిచిన ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చారు. "బాండు" అనే ఇంకో ఇంగ్లీషు మాట కథ అది, మరో వారం చూద్దాం. 2020 ఫిబ్రవరిలో కేంద్రం సుగంధ ద్రవ్యాల బోర్డు ప్రాంతీయ కార్యాలయాన్ని నిజామాబాద్‌లో ప్రకటించింది. రైతులు అప్పుడే ఈ మాటలోని రెండు అర్థాలను కత్తితో కోసినట్టు విడదీశారు. గోడకు కట్టే బోర్డు వచ్చింది, మేమడిగింది కుర్చీలో కూర్చునే బోర్డు అన్నారు. భాషాశాస్త్రం చదివినవాడు ఇంతకంటే బాగా చెప్పలేడు.

వేల్పూర్ మండలంలోనే పడిగెల దగ్గర సుగంధ ద్రవ్యాల పార్కు ఉంది. పసుపును ఇక్కడే పొడి చేసి, సరుకుగా మార్చి పంపాలన్నది దాని ఉద్దేశం. పార్కు పేరుకూ బోర్డు ఉంది. బోర్డు అడిగేవాళ్ల గొంతు మాత్రం ఆగలేదు. ఈ ప్రాంతపు రైతు ఒకాయన బోర్డు వచ్చేదాకా చెప్పులు తొడగనని 2011లో ఒట్టు పెట్టుకుని వట్టికాళ్లతోనే తిరిగాడు. 2023 అక్టోబరు 1న ప్రధాని మోదీ మహబూబ్‌నగర్ సభలో జాతీయ పసుపు బోర్డు ప్రకటించాక ఆయన చెప్పులేసుకున్నాడు. నాలుగో తేదీన గెజిట్ వచ్చింది. బల్ల మాత్రం వెంటనే వెయ్యలేదు. 2025 సంక్రాంతి నాడు, జనవరి 14న, కేంద్రమంత్రి పీయూష్ గోయల్ బోర్డును ప్రారంభించారు. ఈ ప్రాంతానికే చెందిన పల్లె గంగారెడ్డి తొలి ఛైర్మన్. జూన్ 29న నిజామాబాద్‌లో కేంద్ర కార్యాలయాన్ని హోంమంత్రి అమిత్ షా తెరిచారు. పసుపు ఎగుమతిని 2030 నాటికి వంద కోట్ల డాలర్లకు తీసుకుపోవడం ఈ బోర్డు ముందున్న లెక్క. 2022-23లో అది 20 కోట్ల డాలర్ల పైచిలుకు.

పరిశోధన, నాణ్యత, ఎగుమతి, కొత్త సరుకులు, రైతులకు శిక్షణ: ఇవీ కాగితం మీద ఈ బోర్డు పనులు. ఆర్మూర్ నిఘంటువులోని "ధర" అనే అర్థం ఆ కాగితంలో నేరుగా లేదు. ఛైర్మన్ అంటే కుర్చీ మనిషి, బోర్డు అంటే బల్ల. కుర్చీ, బల్ల వచ్చాయి కాబట్టి ఇక పీట కూడా వెయ్యమంటున్నాడు రైతు. వేస్తారా అన్నదే ఆయన సందేహం. పీట సంగతి వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. పెళ్లిలో పీటకు పసుపు రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే పిల్లను కూర్చోబెడతాం. గెజిట్లూ ఛైర్మన్లూ లేని కాలం నుంచి మన ఇళ్లలో ఉన్న పసుపు బోర్డు అది.

నిజామాబాద్ మార్కెట్ యార్డు 2016లో ఈ-నామ్ ఆన్‌లైన్ వేలం మొదలైన తొలి మార్కెట్లలో ఒకటి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ కుప్పలు పోసిన పసుపు మధ్య నడిస్తే చెప్పులు, బట్టల అంచులు, కనుబొమ్మలు అన్నీ పచ్చబడతాయి. కాడికి ఒక రేటు, గోళకు ఒక రేటు. ఎవరి కుప్ప దగ్గర వాళ్లు నిలబడి ఎదురుచూస్తారు. ఇంటికాడ ఉన్న ముసలాయన ఫోను చేసి కొడుకును అడిగేది ఇంతే:

"బోర్డైతే వచ్చింది. దానికి బోర్డు గూడ కట్టిండ్రు. ఇగ ఆ బోర్డు మీద రేటెంత పడ్డదో జూసి చెప్పురా."